గుమ్మం దాటిన జీపు డ్రైవరు

ముందుగా ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అరకు ఘాట్ రోడ్డులో ఉన్న మలుపులన్నిటి మీదా ఒట్టు, ఆ మలుపుల్లో నేను బయటికి కక్కేసిన ఇడ్లీల మీదా ఒట్టు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ ముక్క చదివి నవ్వుతారని తెలుసు. వాళ్ళ కోసం రాయడం లేదు. టీవీకి రాయాలని సరదాపడి, మా ఇంటికొచ్చి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, "సార్, మీ పెద్ద హిట్ గురించి చెప్పండి" అని అడిగే మీలాంటి పిల్లల కోసం రాస్తున్నాను. హిట్ల గురించి చెప్పడానికేమీ ఉండదు. అవి ఎందుకు ఆడాయో తీసినవాళ్ళకే తెలియదు. ఎనిమిది వారాలకే పోయిన సీరియల్ సంగతి చెబుతాను. అది ఎందుకు పోయిందో నాకు బాగా తెలుసు. కారణం నేనే కాబట్టి.

తొంభైల చివర్లో సంగతి. స్తంభాల మీంచి డాబాల మీదికి, డాబాల మీంచి పెంకుటిళ్ళ మీదికి కేబుల్ తీగలు పాకుతున్న రోజులు. నాకింకా ముప్పై నిండలేదు. హైదరాబాదులో ఒక వారం వారం కామెడీ సీరియల్‌కి మాటలు రాసేవాణ్ణి. సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఒక లాడ్జి, దాని యజమాని, ఆయన భార్య, గదులు ఖాళీ చేయని నలుగురు మనుషులు, ఇదీ కథ. అంతా స్టూడియోలో వేసిన సెట్టే. కిటికీ అవతల కనిపించే సముద్రం నీలం రంగు దుప్పటి. ఇద్దరు కుర్చీలేసుకుని కూర్చుని దాన్ని కదిపేవారు.

ఒక వారం ఎపిసోడు రెండు నిమిషాలు తగ్గింది. ఏదో ఒకటి రాయమన్నారు. అరకు నుంచి జనాన్ని దింపడానికి వచ్చే జీపు డ్రైవరు లాడ్జి గుమ్మంలో నిలబడి, ఒక అబద్ధం చెప్పి వెళ్ళిపోయినట్టు రాశాను. ఆ వేషానికి దొరికిన ఆయన పార్వతీపురం వైపు నాటకాల మనిషి. యాభై దాటాయి. ముప్పై ఏళ్ళుగా రెండో భటుడు, మూడో పోలీసు, గుంపులో గొంతు. గుమ్మంలో నిలబడి, కుడిచెయ్యి తలుపు చట్రం మీద వేసి ఆయన అన్నాడు: "మా కొండల్లో మంచు ఎంత చిక్కనంటే అమ్మా, మొన్న తడి లుంగీ మంచు మీదే ఆరేసీసినాను. ఎండొచ్చి మంచు కదిలిపోయింది. లుంగీ ముంచింగిపుట్టు దాటి ఒరిస్సాలో దిగింది."

లాడ్జి యజమాని భార్యగా వేసే ఆవిడ బెండకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "సర్లే. జీపు తియ్," అంది.

"కావాలంటే రండి, సూపిత్తాను," అని ఆయన వెళ్ళిపోయాడు.

అంతే. మరుసటి వారం ఉత్తరాల కట్ట వచ్చింది. ఆ తర్వాత ప్రతి వారం ఆయనకు గుమ్మంలో రెండు నిమిషాలు. మేకలు కాఫీ పళ్ళు తిని పాలకు బదులు కాఫీ ఇచ్చేవి, పంచదార ఒక్కటీ వేసుకోవాలి. గుమ్మడికాయ మీద కుటుంబమంతా ఎక్కి గెడ్డ, అంటే కొండవాగు, దాటేవారు. ఆవిడ నమ్మేది కాదు. ఆయన కావాలంటే రమ్మనేవాడు. ఆరు నెలల్లో ఆటోవాళ్ళూ కాలేజీ పిల్లలూ ఆ మాట అనడం మొదలుపెట్టారు.

అప్పుడు మా నిర్మాతకు బుద్ధి పుట్టింది. ఇన్నాళ్ళూ రండి రండి అంటున్నాడు కదా, వెళ్దాం. ఆ జీపు డ్రైవరుకి వేరే సీరియల్ పెట్టి అరకులోనే తీద్దాం. పదమూడు వారాలు.

అందరం చప్పట్లు కొట్టాం. ఒక్క ఆయనే కొట్టలేదు. మేకప్ గదిలో నన్ను పట్టుకున్నాడు.

"నాకు గుమ్మం సాలు బాబూ. లోపలికి రమ్మని కుర్సీ ఏత్తే ఏటి మాటాడాలో నాకు తెల్దు. గుమ్మంలోనైతే తప్పు మాటాడినా బేగి ఎల్లిపోవచ్చు."

"మాస్టారూ, ముప్పై ఏళ్ళు వాకిట్లో నిలబడ్డారు. ఇప్పుడు ఇల్లే మీ చేతికిస్తామంటుంటే వద్దంటారా?"

"ఇల్లు నాది కాదు గదా బాబూ. కూలిపోతే ఎక్కడికెల్తాను?"

"కూలదు. రాసేది నేను."

"నువ్వు సెప్తన్నావు గాబట్టి," అన్నాడు.

మేం బయల్దేరిన వారమే లాడ్జి గుమ్మంలోకి ఒక మిమిక్రీ కళాకారుడు పాలవాడి వేషంలో వచ్చాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా వచ్చాడు.

అరకులో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పాడేరు రోడ్డు మీద, కొండ మలుపులో ఉన్న ఒక చిన్న గూడెంలో షూటింగు. అక్కడి బడి టీచరమ్మ మాకూ ఊరికీ మధ్య మాట సాయం. మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. ఆదివారాలు చర్చిలో పాటలు ఆవిడే మొదలుపెట్టాలి కాబట్టి మధ్యాహ్నం దాకా మాకు దొరికేది కాదు. మొదటి రోజే నా స్క్రిప్టు చదివి నెమ్మదిగా అడిగింది.

"సార్, మీ డ్రైవరు చెప్పేవన్నీ అబద్ధాలే కదండీ. కింద ఊళ్ళో చెప్తే సరే. ఇక్కడ ఎవరికి చెప్తాడు? అందరూ ఇక్కడోళ్ళే కదా."

నేను నవ్వేసి, టీవీ భాష వేరమ్మా అన్నాను. ఆ ప్రశ్న విలువ ఎనిమిది ఎపిసోడ్లని నాకు అప్పుడు తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. జీపు డ్రైవరుగా రాష్ట్రమంతా ఎరిగిన ఆయనకు జీపు నడపడం రాదు. స్టూడియోలో జీపు ఉండేది కాదు, హారన్ చప్పుడు వినిపించేవాళ్ళం. అరకులో అసలు డ్రైవరు బండిని వాలు మీదికి తెచ్చి దిగిపోతే, ఈయన ఎక్కి కూర్చునేవాడు, మేం వెనక నుంచి తోసేవాళ్ళం. ఆ సీరియల్ ఎక్కడైనా మీకు దొరికితే చూడండి. ఎనిమిది భాగాల్లోనూ జీపు ఒక్కసారి కూడా ఎగువకు పోదు.

మొదటి భాగం మేక. గుమ్మంలో చెప్పినప్పుడు జనం పడిపడి నవ్విన మేక కదా, ఇప్పుడు కళ్ళతో చూపిస్తున్నాం. ఒక మేకను తెచ్చి, దాని కింద చెంబు పెట్టి, పక్క నుంచి గొట్టంతో కాఫీ వదిలాం. పొగలు కూడా వచ్చాయి. గూడెం వాళ్ళు చుట్టూ చేరి చాలా దిగులుగా చూశారు. ఒక పెద్దాయన మేక కడుపు నొక్కి, కనురెప్ప ఎత్తి చూసి, టీచరమ్మతో ఏదో అన్నాడు.

"ఏమంటున్నారమ్మా?"

"మేకకి లోపల రక్తం పోతోందట సార్. ఏదో వేరు నూరి పట్టిస్తే తగ్గుతుందట. తెమ్మంటారా అని అడుగుతున్నారు."

రెండో భాగంలో గుమ్మడికాయ. మూడో భాగంలో లుంగీ. నిజం మంచులో నిజం లుంగీని సన్నటి తీగ కట్టి ఎగరేశాం. ఎగిరింది. చూసినవాళ్ళు, ఎగిరింది, అన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇక నవ్వుల క్యాసెట్టు. స్టూడియో కామెడీలకు నవ్వులు ఒక టేపులో ఉంటాయి. జోకు అవగానే ఎడిటరు దానిలోంచి ఒక ముక్క కోసి అంటిస్తాడు. లాడ్జిలో ఆ నవ్వు బాగానే అతికేది. దాన్నే తెచ్చి కొండ మీద అతికించారు. ప్రేక్షకులు కార్డులు రాశారు, "జీపు వెనక కాఫీ తోటలో దాక్కుని నవ్వుతున్నవాళ్ళు ఎవరు? దొంగలా? తర్వాతి భాగంలో తెలుస్తుందా?" అని. నవ్వులు తీసేశాం. అప్పుడు ఎవరూ నవ్వడం లేదని స్పష్టంగా వినిపించింది.

దర్శకుడు, పాపం, కుర్రవాడు. ఇంకా అందంగా తీస్తే ఆడుతుందని నమ్మాడు. పొద్దున్నే లేచి మంచు తీసేవాడు, కాఫీ పూలు తీసేవాడు. నేను రాత్రనకా పగలనకా రాశాను. డ్రైవరుకి మంచితనం పెట్టాను. ఊరంతా ఆయన్ని ప్రేమించేటట్టు రాశాను. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమయ్యేది, అందరూ ఔనౌను అనేవారు. ఆయన నటన రోజురోజుకూ చిన్నదైపోయింది. షాట్‌కీ షాట్‌కీ మధ్య కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. జీపు తలుపు మీద చెయ్యి వేసి నిలబడేవాడు, కుడిచెయ్యి.

ఏడో భాగం వెళ్ళాక అరకు ఎస్టీడీ బూత్‌కి నాకు కబురొచ్చింది. నిర్మాత ఫోను.

"ఎనిమిదితో ఆపేస్తున్నాం. ఆఖరిది తీసి పంపేయండి."

"మరి మాస్టారు? పాత సీరియల్లోకి..."

"ఎక్కడికయ్యా? పాలవాడు కుదురుకున్నాడు. గుమ్మం ఒకటే కదా."

"ఆయనకి ఇంకేం లేదండీ."

"ఆఖరి టేపు చూస్తాను. నాకు ఒక్కసారి నవ్వొస్తే అప్పుడు ఆలోచిద్దాం," అని పెట్టేశాడు.

బయట మాస్టారు జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను. ఆయన వేరే అడిగాడు.

"ఆ పాలోడు బాగా సేత్తన్నాడా?"

"పర్లేదు మాస్టారూ."

"గుమ్మం మీద సెయ్యి ఏ పక్క ఏత్తన్నాడు?"

గుర్తు తెచ్చుకున్నాను. "ఎడమపక్క."

"తప్పు," అన్నాడు. "అటేత్తే కెమెరాకి మొగం అడ్డమైపోద్ది. ఎవులైనా సెప్పండి ఆ బాబుకి."

నా ఉద్యోగ జీవితంలో నేను తిన్న తిట్లన్నీ కలిపినా ఆ మాటంత గట్టిగా తగల్లేదు.

ఆఖరి భాగానికి నేను రాసింది చెప్పడానికి సిగ్గేస్తుంది. డ్రైవరు కొండలకు దణ్ణం పెట్టి ఏడుస్తాడు, కొండలు కూడా ఏడుస్తాయి. వాన మిషను తెప్పించాం. చైత్ర మాసం వచ్చేసింది, ఇటుకల పండుగ రోజులు. ఆ రోజుల్లో మగవాళ్ళు వేటకు అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు గడ పెట్టి, పాడుతూ, వచ్చే పోయే బళ్ళను ఆపి పండుగ మామూలు అడుగుతారు. టీచరమ్మ ముందే చెప్పింది. "విసుక్కోకండి సార్. నవ్వుతూ ఆగండి. ఇంకోటి, వేట దొరక్కుండా ఉత్త చేతుల్తో వచ్చిన మగాడి మీద పేడనీళ్ళు పోస్తారు. ఎంత పెద్దోడైనా సరే."

టీచరమ్మను కూడా ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరాం. మూడు గడల దగ్గర ఇవ్వవలసింది ఇచ్చి, మిఠాయి పొట్లాలు కూడా ఇచ్చేశాం. నాలుగో గడ దగ్గర మా చేతిలో బిస్కెట్టు ముక్క కూడా లేదు. పదిహేనుమంది ఆడవాళ్ళు. మధ్యలో ఒక ముసలమ్మ, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. కాళ్ళ దగ్గర ఒక కుండ. కుండలో ఏముందో వాసనే చెప్పింది.

మా షూటింగు మేనేజరు దిగి బతిమాలుతున్నాడు. మంచు తీయడానికి కెమెరామన్ అప్పటికే భుజాన కెమెరా పెట్టుకుని ఉన్నాడు. మాస్టారు డ్రైవరు వేషంలోనే జీపు దిగి, వెదురు గడ మీద కుడిచెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ నిలబడడం చూడగానే నాకు ఏదో తోచింది. ఎనిమిది వారాల తర్వాత ఆయనకు మళ్ళీ ఒక గుమ్మం దొరికింది.

"నన్నాపుతావేటి తల్లీ? వేట నుంచి వత్తన్నాను," అన్నాడు.

ముసలమ్మ ఆయన్ని కింద నుంచి పైకి చూసింది. వాళ్ళ భాషలో గారూ గీరూ ఉండదు, కలెక్టరైనా నువ్వే.

"నువ్వు వేటకెల్లినావా? వేటేదీ?"

"పందిని కొట్టినాను. ఎంత పందనుకున్నావు? తల అరకులో ఉంటే తోక పాడేరులో ఉంది."

"మద్దిలో ఏటుంది?"

"మద్దిలో రోడ్డు మీదే పడుంది. తొలి బస్సు దాని ఈపు మీద నుంచే ఎల్లింది."

"తొలి బస్సు ఇయ్యాల రానేదు."

"అదే సెప్తన్నాను. ఎక్కలేకపోయింది."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు. చుట్ట తీసి, బూడిద రాల్చి, మళ్ళీ లోపల పెట్టుకుంది. దర్శకుడు కెమెరామన్ చెవిలో ఆపొద్దు అన్నాడు. శబ్దం పట్టే అతను మైకు కర్రను మెల్లిగా ఆవిడ తల మీదికి జరిపాడు. లాడ్జిలో బెండకాయలు తరిగే ఆవిడ లేక ఎనిమిది వారాలుగా మాకు ఏం కొరవడిందో నాకు అక్కడ అర్థమైంది. అబద్ధం చెప్పేవాడికి నమ్మని మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని కింద వదిలేసి, కొండల్ని చూపిస్తూ కూర్చున్నాం.

"అంత పందిని దేంతో కొట్టినావు?"

"కర్రతో."

"కర్రేదీ?"

"పంది తినీసింది."

"సచ్చిన పంది కర్ర తిన్నాదా?"

"సచ్చిందని నేనన్నేదు. తొంగుంది."

"పడుకున్న పందిని వదిలి వచ్చీసినావా?"

"నెగిస్తే నన్ను తినీదా మరి? అక్కడే ఉంది. కావాలంటే రా, సూపిత్తాను."

ముసలమ్మ చుట్ట పారేసింది. చీర బిగించింది. "పద, సూద్దాం," అని వచ్చి జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "తోలు."

ఇన్నాళ్ళలో ఆ మాటకి 'పద' అన్నవాళ్ళు లేరు. పంది లేదు. జీపు నడపడం రాదు. రోడ్డు ఎగువకు ఉంది. మాస్టారు స్టీరింగ్ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, చేతులు కట్టుకుని తమాషా చూస్తున్న అసలు డ్రైవరు వైపు చూశాడు. నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ మొహం మీద ఏమేమి నడిచాయో రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు. చివరికి జీపు చుట్టూ తిరిగి వచ్చి, తలగుడ్డ తీసి, గడ కింద గొంతుక్కూర్చుని తల వంచాడు.

"పోసీ తల్లీ," అన్నాడు.

కుండ మొత్తం పోసింది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు వినాలి మీరు. పొగ గొంతులోంచి మొదలై, మధ్యలో వెక్కిలిలాగా ఒక్కసారి తెగి, మళ్ళీ అందుకుని, పైకి పోయి, పదిహేనుమందినీ వెంట తీసుకెళ్ళింది. టీచరమ్మ చున్నీ నోట్లో కుక్కుకుంది. మైకు కర్ర ఊగిపోయింది.

వాన మిషను విప్పనే లేదు. టేపు సాయంత్రం బస్సుకే దిగింది. మూడో రోజు బూత్‌కి ఫోను.

"నవ్వొచ్చిందయ్యా," అన్నాడు నిర్మాత. "ఆ ముసలమ్మ డేట్లు దొరుకుతాయా?"

"దొరకవండీ. పండుగలో ఉంది."

"సరే, ఆయన్ని తీసుకురా."

సీరియల్ మాత్రం బతకలేదు. ఆఖరి భాగం బాగుందని రాసినవాళ్ళ ఉత్తరాలు అది ఆగిపోయిన రెండు వారాలకు వచ్చాయి. కానీ మాస్టారు పేడ మరకల తెల్ల చొక్కాతో లాడ్జి గుమ్మంలో నిలబడి, కుడిచెయ్యి చట్రం మీద వేసిన రోజున, బెండకాయలు తరిగే ఆవిడ మొదటిసారి తలెత్తి చూసింది. "ఏమైంది?" అంది. "సెప్తే నమ్మరు," అన్నాడాయన. పాలవాణ్ణి వంటింటి కిటికీలోకి మార్చాం, అక్కడ ఏ చెయ్యి వేసినా మొహం కనిపిస్తుంది. ఆ లాడ్జి మూతపడేదాకా, ఇంకో నాలుగేళ్ళు, మాస్టారు ఆ గుమ్మంలోనే ఉన్నాడు. తర్వాత ఊరెళ్ళి పిల్లలకి నాటకాలు నేర్పాడు. లోపల కుర్చీ వేస్తామని మళ్ళీ ఎవరూ అనలేదు. ఆయన అంత సుఖంగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

అన్నిటికంటే ఎక్కువ కాలం బతికింది ఆ నవ్వు. మా ఎడిటరు దాన్ని కోసి నవ్వుల క్యాసెట్టులో కలిపేశాడు. ఆ క్యాసెట్టు చేతులు మారింది. ఏళ్ళ తరబడి ఏ కామెడీ చూసినా, పట్నం అపార్ట్‌మెంట్ జోకుల కింద, అత్తాకోడళ్ళ జోకుల కింద, మధ్యలో ఒక వెక్కిలి తెగి మళ్ళీ అందుకునేది. నేను రాసిన చెత్త జోకులెన్నిటినో ఆ ముసలమ్మ ఒడ్డున పడేసింది.

రెండువేల సంవత్సరం దాటాక ఎప్పుడో టీచరమ్మ ఒక కార్డు రాసింది. ముసలమ్మ ముంచింగిపుట్టు సంతకు వెళ్ళిందట. ఒక కొట్లో టీవీ ఆడుతోందట. అందులో తన నవ్వు విని, "అది నానే," అందట. కొట్టువాడు నమ్మలేదు, సంతలో ఎవరూ నమ్మలేదు. ఆవిడ ప్రతి వారం ఆ కొట్టు ముందు నిలబడి, కావాలంటే రండి, వినిపిస్తానని అందర్నీ పిలుస్తోందట.

ఇక మొదట వేసిన ఒట్టు సంగతి. మలుపుల మీద వేశాను, మలుపులు తిరిగేవే కాబట్టి ఒక్కచోట నేనూ తిరిగాను.

మాస్టారు గొంతుక్కూర్చోలేదు. తల వంచలేదు. ముసలమ్మ "తోలు" అన్నాక ఆయన కాసేపు నోరు తెరుచుకుని నిలబడ్డ మాట నిజం. తర్వాత చూపుడువేలు ఎత్తి నన్ను చూపించాడు.

"ఈ అబద్దాలు నాయి కావు తల్లీ. ఆ బాబు రాసిత్తాడు, నేను సెప్తాను."

ఆవిడ జీపు దిగి కుండ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "నువ్వా? మరి పందేదీ?" అంది. రాష్ట్రంలో వారానికి రెండు సీరియల్స్‌కి మాటలు రాసేవాణ్ణి, నాకు ఒక్క మాట తోచలేదు. కుండ మొత్తం నా మీదే పడింది. ఆ నవ్వు నా మీద నవ్విన నవ్వు. ఎడిటింగ్‌లో బొమ్మ కోయించేశాను. నవ్వును కోయడానికి మనసొప్పలేదు.

లాడ్జి గుమ్మంలో మాస్టారు వేసుకున్న తెల్ల చొక్కా కూడా నాదే. అడిగి తీసుకున్నాడు, తిరిగివ్వలేదు. ఆయనకు ఆ మాత్రం నేను బాకీ ఉన్నాను.

మిగతాదంతా నిజం. టీచరమ్మ కార్డు మా ఇంట్లో ఉంది. కావాలంటే రండి, చూపిస్తాను.